పులిహోర: అన్నం ఆరాలి, పులుసు ఉడకాలి

పులిహోర బాగా కుదిరిందో లేదో పోపు ఘుమఘుమను బట్టి తేల్చేవాళ్ళే ఎక్కువ. ఇంగువ వాసనకి ఎవరి నోరైనా ఊరుతుంది, కాదనను. కానీ పోపు పెళ్ళికి ఆఖర్న దిగే చుట్టం లాంటిది. అది వచ్చేసరికే అన్నం దగ్గర, పులుసు దగ్గర కథ తేలిపోయి ఉంటుంది. అన్నం ముద్దయినా, పులుసు పచ్చిగా ఉన్నా, ఎన్ని జీడిపప్పులు గుమ్మరించినా అది పులిహోర కాదు, పుల్లటి అన్నం.

కొలతలన్నీ అరకిలో బియ్యానికి చెబుతాను, అయిదారుగురికి సరిపోతుంది. బియ్యం పాతవి కావాలి. కోతలైన కొత్తలో వచ్చే బియ్యం ఎంత జాగ్రత్తగా వండినా అంటుకుంటాయి. ఏడాది నిలవున్న సోనా మసూరి గానీ, బాపట్ల పరిశోధనా కేంద్రం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204, అదే మనం సాంబా మసూరి అనేది గానీ బాగుంటుంది. బాస్మతి వద్దు. దాని సొంత వాసన చింతపండుతో పోట్లాడుతుంది, పొడుగు మెతుకు పులుసు పట్టక పొడిపొడిగా మిగిలిపోతుంది.

బియ్యం కడిగి ఇరవై నిమిషాలు నానబెట్టాలి. కుక్కరైతే గ్లాసుకి గ్లాసుంముప్పావు నీళ్ళు, చిన్న చెంచా నూనె, మూడు కూతలు. గంజి వార్చే ఓపికుంటే అంతకన్నా మంచిది లేదు, మెతుకు మీది జిగురంతా గంజిలో పోతుంది. “పులిహోరకి అన్నం పలుకుగా ఉండాలి” అన్న మాట పట్టుకుని చాలామంది సగం ఉడికించి దింపేస్తారు. అక్కడే దెబ్బ తింటారు. సగం ఉడికిన మెతుక్కి పులుపు తగిలాక ఇక మెత్తబడదు, సాయంత్రానికి ఇంకా బిరుసెక్కుతుంది. మెతుకు లోపలిదాకా ఉడకాలి, కానీ చిట్లకూడదు. వేళ్ళ మధ్య నొక్కితే నలగాలి, వదిలితే వేలికి అంటుకోకూడదు.

దింపగానే వెడల్పాటి పళ్ళెంలోనో బేసిన్లోనో అన్నం పరవాలి. కుక్కర్లోనే ఉంచేస్తే ఆవిరికి కింది అన్నం చిమిడిపోతుంది. వేడి మీదే చిన్న చెంచా పసుపు, పెద్ద చెంచాన్నర నూనె, రెండు రెబ్బల పచ్చి కరివేపాకు చల్లాలి. ఆ సెగకి కరివేపాకు మగ్గి వాసన వదులుతుంది, అది పోపులో వేగిన కరివేపాకు వాసన కాదు, వేరు. నూనె మెతుకుల మధ్య పొరలా నిలిచి అంటుకోనివ్వదు. వేడిగా ఉన్నప్పుడు గరిటె పెట్టి కెలికితే ఇంతసేపు పడ్డ పాట్లన్నీ వృథా. పళ్ళేన్ని అటూ ఇటూ ఓసారి ఎగరేసి, ఫ్యాను కింద వదిలేయండి.

అన్నం ఆరేలోపు పులుసు. చింతపండు డెబ్భై అయిదు గ్రాములు, ఈనెలూ గింజలూ తీసి, గ్లాసున్నర వేడి నీళ్ళలో అరగంట నానాలి. పాత చింతపండైతే పులిహోర నల్లబడుతుంది, పసుపు రంగు నిలవాలంటే ఆ ఏడాది పండే వాడాలి. చిక్కగా పిసికి, వడకట్టి, పిప్పి పారేయండి. పిప్పిలో మళ్ళీ నీళ్ళు పోసి రెండోసారి పిండే అలవాటు చారుకి పనికొస్తుంది, ఇక్కడ పనికిరాదు. ఆ పల్చటి రసం ఇగరడానికి పట్టే సేపట్లో పచ్చిమిరపకాయలు కరిగిపోతాయి.

స్టీలు గిన్నెలో మూడు పెద్ద చెంచాల నూనె పోసి, నిలువునా చీల్చిన ఎనిమిది పచ్చిమిరపకాయలు వేసి, పైన తెల్ల మచ్చలు తేలేదాకా వేయించాలి. తర్వాత పులుసు, పావు చెంచా పసుపు, రెండు చిన్న చెంచాల ఉప్పు, గోలీ అంత బెల్లం. బెల్లం తీపి కోసం కాదు, పులుపు గొంతుకి గీరుకోకుండా. సన్న మంట మీద పదిహేను, ఇరవై నిమిషాలు. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు పెద్దవై టపటపా చిందుతాయి, అప్పుడు మూత ఓరగా పెట్టండి. చివరికి పులుసు గరిటెకి పట్టి, గిన్నె అంచుల వెంట నూనె విడిగా తేలుతుంది. అదే గుర్తు. గడియారం చూసి దింపొద్దు, నూనె తేలాకే దింపండి. ముందే దింపితే పచ్చి వాసన ఒకటి, పులుసులో మిగిలిన నీళ్ళు అన్నాన్ని తడిపేయడం మరొకటి. ఇనప మూకుడు, కళాయి పూత లేని ఇత్తడి గిన్నె ఈ పనికి వద్దు, పులుపు లోహాన్ని తింటుంది, రుచీ రంగూ రెండూ చెడతాయి.

ఈ పులుసు ఎక్కువ చేసి సీసాలో పెట్టుకుంటే ఫ్రిజ్‌లో నెల రోజులు నిక్షేపంగా ఉంటుంది. విదేశాల్లో ఉన్నవాళ్ళు షాపుల్లో దొరికే నల్లటి చింతపండు గుజ్జుకి బదులు అచ్చు చింతపండు కొనుక్కుని ఇలా చేసుకోవడం మేలు. ఆ నల్ల గుజ్జు ముందే బాగా మరిగిపోయి ఉంటుంది, పులుపుంటుంది గానీ పండు రుచి ఉండదు.

పోపుకి మూడు పెద్ద చెంచాల నూనె. నువ్వుల నూనైతే నిలవకి బాగుంటుంది, లేదంటే వేరుశనగ నూనె. ముందు గుప్పెడు వేరుశనగ గుళ్ళు, అవి చిటపటమన్నాక రెండు పెద్ద చెంచాల శనగపప్పు, అది రంగు తిరిగాక చెంచా మినప్పప్పు, ఆ తర్వాత ఆవాలు, ఆరు ఎండుమిరపకాయలు. స్టవ్ ఆపేసి పావు చెంచా ఇంగువ, రెండు రెబ్బల కరివేపాకు. అన్నీ ఒకేసారి వేస్తే మినప్పప్పు మాడుతుంది, శనగపప్పు సగం వేగి తర్వాత పంటి కింద రాయిలా తగులుతుంది. వేరుశనగ గుళ్ళు నానితే మెత్తబడతాయి కాబట్టి కొన్ని తీసి పక్కన పెట్టుకుని, వడ్డించే ముందు కలపండి.

ఇక కలపడం. (కుర్రకారు ‘పులిహోర కలపడం’ అన్న మాటని వేరే విద్యకి, అదే సరసపు కబుర్లకి, వాడుకుంటున్నారు. అక్కడా తొందరపడితే ముద్దవుతుందనే అంటారు.) అన్నం గోరువెచ్చగా అయ్యాక ముప్పావు వంతు పులుసు, పోపు వేసి, చేత్తో కింది నుంచి పైకి తిరగేస్తూ కలపాలి. రుచి చూసి మిగతా పులుసు, ఇంకో చెంచాన్నర ఉప్పు సర్దుకోండి. ఆ క్షణాన నాలుకకి పులుపు, ఉప్పు ఒక పిసరు ఎక్కువే అనిపించాలి. మెతుకు రెండు మూడు గంటల్లో వాటిని లోపలికి లాగేసుకుంటుంది. కలిపినప్పుడే సరిగ్గా ఉన్న పులిహోర భోజనాల వేళకి చప్పబడుతుంది. అందుకే పండగ రోజు పొద్దున్నే కలిపేది.

కోస్తాలో చాలా ఇళ్ళల్లో ఆవ పెడతారు, నా మటుకు అది లేని పులిహోర అసంపూర్ణం. రెండు చిన్న చెంచాల ఆవాలు పది నిమిషాలు చన్నీళ్ళలో నానబెట్టి, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పు, చిన్న అల్లం ముక్క చేర్చి మెత్తగా నూరాలి. ఆవఘాటు ఆవాల్లో సిద్ధంగా ఉండదు, నలిగి నీళ్ళు తగిలాకే పుడుతుంది. వేణ్ణీళ్ళు పోస్తే పుట్టనే పుట్టదు, చేదు మాత్రం మిగులుతుంది. వేడన్నంలో కలిపితే ఎగిరిపోతుంది. అన్నం పూర్తిగా చల్లారాక, అన్నిటికన్నా చివర కలపండి.

వైష్ణవాలయాల ప్రసాదం తీరు వేరు. నువ్వులు, మిరియాలు, మెంతులు వేయించి దంచిన పొడి అందులో పడుతుంది. ఇంట్లో ఆ దారి పడితే ఆవ మానేయండి, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నిమ్మకాయ పులిహోరకి రసం పొయ్యి మీద పెట్టకూడదన్నది ఒక్కటి గుర్తుంటే చాలు, ఉడికితే చేదెక్కుతుంది.

మిగిలినది రాత్రికి బయటే ఉంచి తినేయొచ్చు, తడి చెయ్యి పెట్టకుండా ఉంటే. మండుటెండల్లో మాత్రం మర్నాటిదాకా నమ్మకండి. ఫ్రిజ్‌లో పెడితే మెతుకు గట్టిపడుతుంది. అప్పుడు నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, మూత పెట్టి రెండు నిమిషాలు ఆవిరి మీద ఉంచితే మళ్ళీ దారికొస్తుంది, కాకపోతే ఆవఘాటు పోతుంది. పక్కన గడ్డ పెరుగుంటే ఆ లోటు తెలియదు.