గుర్రం ముక్కుతో చెప్పిన రెండు మాటలు

మూడు రోజుల కొండదారి ప్రయాణంలో మొదటి రోజంతా గుర్రాన్ని నేనే నడిపిస్తున్నానని అనుకున్నాను. బయలుదేరిన అరగంటకు నా గోధుమరంగు ఆడగుర్రం మెడ దించి, ముక్కుపుటాలు టపటపలాడేలా పొడవుగా గాలి వదిలింది. జబ్బు చేసిందేమోనన్న కంగారులో పగ్గాలు బిగించాను.

"వదులు చేయండి, దాని మనసు ఇప్పుడే కుదుటపడింది" అన్నాడు వెనక వస్తున్న గుర్రాల కాపరి. ఫ్రాన్సు పరిశోధకులు 48 గుర్రాలను గమనించి, హాయిగా ఉన్నప్పుడే అవి ఇలా ఎక్కువగా చీదుతాయని 2018లో ప్రకటించిన సంగతి ఆ తర్వాత చదివాను.

రెండో రోజు వాగు దగ్గర అదే ముక్కు మరో మాట చెప్పింది. ముందుగా చెవులు రెండూ నీటి వైపు నిక్కాయి, మెడ పైకి లేచింది, జీను కింద వీపు చెక్కలా బిగుసుకోవడం నా తొడలకు తెలిసింది; ఆ తర్వాతే తుస్సుమని ఒక్క పొట్టి ఊపిరి గట్టిగా వెలువడింది. అది భయం. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉండి చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలిగినా, నుదుటికి సరిగ్గా ఎదురుగా, తోక వెనక ఉన్నది దానికి కనిపించదు. కాళ్ళ ముందున్న నీటిని చూసుకోవాలంటే అది తల దించాలి, నేనేమో పగ్గాలు పొట్టిగా పట్టుకుని ఆ వీలు లేకుండా చేశాను. ఇలాంటి చోట ఆగిన గుర్రాన్ని మొండిదనడం అన్యాయమని నాకు గట్టిగా అనిపిస్తుంది. పగ్గాలు జారవిడవగానే అది వంగి, నీటిని వాసన చూసి, పెదవులు నాకుకుని, ఒక డెక్క లోపల పెట్టింది.

అప్పటి నుంచి చెవుల మీదే దృష్టి పెట్టాను. నేను మాట్లాడితే ఒకటి నా వైపు తిరిగేది, రెండోది దారిని వింటూ ఉండేది. వెనక గుర్రం మరీ దగ్గరికి వస్తే రెండూ మెడకు అంటుకుపోయేవి. తన్నడానికి ముందు చేసే హెచ్చరిక అది. తోటి గుర్రం మలుపులో కనుమరుగైతే పెద్దగా సకిలించేది, ఆ అదురు జీను దాటి నా కడుపు దాకా వచ్చేది. సాయంత్రం దాణా బకెట్టు చూస్తే మాత్రం నోరు తెరవకుండా గొంతులోనే సన్నగా గురగురమనేది.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ ఆ వాగు ఎదురైంది. ఈసారి ఒడ్డు చేరకముందే పగ్గాలు వదులు చేశాను. ఒక చెవి నా వైపు ఉంచి అది నీటిలోకి దిగింది, నడిమధ్యకు చేరాక మెడ దించి, పొడవుగా, టపటపమంటూ గాలి వదిలింది.