ఎవరి తాలూకు?

స్కాట్లాండుకు వాయవ్యాన, అట్లాంటిక్ అంచున ఉన్న లూయిస్ దీవిలో నేను కేర్‌హోమ్ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, తొంభయ్యేళ్లు దాటిన ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని గేలిక్ భాషలో ఏదో అడిగారు. అర్థంకాక నిలబడిపోతే, నాతోపాటు డ్యూటీలో ఉన్నావిడ నవ్వి, ‘నువ్వు ఎవరి పిల్లవని అడుగుతున్నారు’ అని చెప్పింది. మా గుంటూరు వైపు పెళ్లిళ్లలో కొత్త ముఖం కనబడితే ‘ఎవరి తాలూకమ్మా?’ అని ఆరా తీసే పెద్దవాళ్లు వెంటనే గుర్తుకొచ్చారు.

ఇక్కడ ఆ ప్రశ్న ఊసుపోక వేసేది కాదు. మెక్లౌడ్, మారిసన్ వంటి కొద్దిపాటి ఇంటిపేర్లతోనే ఊళ్లకు ఊళ్లు నిండి ఉండడం వల్ల, తండ్రి పేరూ తాత పేరూ కలిపి చెబితే తప్ప మనిషి ఆనవాలు దొరకదు. ఆ వరసలను భద్రపరిచే పని స్థానిక చరిత్ర సంఘాలది. దీవి ఉత్తర కొసన ఉన్న నెస్‌లో 1977లో మొదలైన సంఘాన్ని చూసి మిగతా ప్రాంతాల వాళ్లూ ఒక్కొక్కరే పెట్టుకున్నారు. కొన్ని సంఘాలు పిల్లలు లేక మూతబడిన బడి భవనాల్లోనే నడుస్తున్నాయి.

రాత్రి డ్యూటీల తరువాత వచ్చే సెలవుల్లో నేను అలాంటి ఒక సంఘానికి వెళ్లి కాగితాలు స్కాన్ చేయడంలో సాయపడుతుంటాను. నన్ను ఎక్కువగా పట్టి కూర్చోబెట్టేవి పాత బడుల లాగ్‌బుక్కులు. గేలిక్ తప్ప మరో భాష రాని పిల్లల గురించి హెడ్‌మాస్టర్ వంకరటింకర లేని ఇంగ్లీషులో, గోధుమరంగుకు తిరిగిన సిరాతో, పొయ్యిలోకి పీట్ (ఎండబెట్టి కట్టెలకు బదులు కాల్చే చిత్తడినేల మట్టి) గడ్డలు కోసే పనికి పోయి ఈ వారం సగంమంది బడికి రాలేదని రాస్తాడు. మిరపకాయ కోతలప్పుడు మా బడి హాజరుపట్టీ కూడా అలాగే ఉండేది. 1872 నాటి విద్యాచట్టంలో గేలిక్ ప్రస్తావనే లేదు కాబట్టి, ఆ పిల్లల మాట ఆ పుస్తకాల్లో ఎక్కడా వినిపించదు.

రైతుల మాట వినిపించేది, చిన్న రైతుల కష్టాలను విచారించడానికి ప్రభుత్వం వేసిన నేపియర్ కమిషన్ 1883లో నమోదు చేసిన వాంగ్మూలాల్లో. చైనాకు నల్లమందు అమ్మి గడించిన సొమ్ముతో జేమ్స్ మాథెసన్ 1844లో ఈ దీవిని కొన్నాడు, 1850లలో వందలమందిని కెనడా ఓడలెక్కించాడు. (ఆ నల్లమందు పండింది మన దేశంలోనే.) కౌలు బాకీలనూ, పోయిన పచ్చికబయళ్లనూ ఊరి పెద్దలు ఒక్కొక్కరే వచ్చి చెప్పుకున్న ఆ సాక్ష్యాల ఫలితంగా 1886 చట్టం వచ్చి, చిన్న రైతులను ఇష్టం వచ్చినట్టు వెళ్లగొట్టే వీలు లేకుండా పోయింది.

సంఘం రికార్డుల్లో ప్రతి కమతానికీ ఒక నంబరు, ఆ నంబరు కింద అక్కడ బతికిన వాళ్లందరి వివరాలూ ఉంటాయి. 1919 జనవరి 1న, యుద్ధం ముగిసి ఇంటికి వస్తున్న నావికులతో అయొలేర్ ఓడ దీవిలోని ముఖ్యపట్టణం స్టోర్నోవే రేవు ముందే రాళ్లకు కొట్టుకుని 201 మంది చనిపోయారు. ఆ తేదీ వేసి ఉన్న పేజీని స్కానర్ మీద పెట్టేటప్పుడు అక్కడెవరూ మాట్లాడరు. 1923 ఏప్రిల్‌లో దాదాపు 300 మంది యువతను కెనడా తీసుకుపోయిన మెటగామా ఓడ పేరు కూడా తరచూ తగులుతుంది.

నాది గుంటూరు జిల్లా అని తెలిసిన రోజున, సంఘంలో పనిచేసే ఒక పెద్దాయన ‘మా కాలిన్ మెకంజీ తిరిగిన చోటేగా!’ అన్నారు. మన గ్రామ కైఫీయత్తులు (ఊరూరి చరిత్రలు) రాయించిన మెకంజీ పుట్టింది ఈ స్టోర్నోవేలోనే. ఇక్కడ కస్టమ్స్ కొలువు చేసి, 1783లో మద్రాసు చేరి, చివరికి భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల వంటివారు తోడుండబట్టి గాని, ఊరూరా కరణాల దండకవిలెలు (ఊరి పాత లెక్కల, వివరాల కట్టలు) చూసి, పెద్దల నోట విని ఆ వివరాలన్నీ రాయించడం ఆయనకు సాధ్యమయ్యే పని కాదు. ఆ తెలుగు ప్రతులు ఇప్పుడు మద్రాసులో ఉన్నాయి.

పెద్దాయన ఒక ఖాళీ ఫారం నా ముందు పెట్టి, సరదాకి మీ వరస కూడా నింపమన్నారు. ముత్తాత పేరు దగ్గర కలం ఆగిపోయింది. ఆ రాత్రి పెదనాన్నకు ఫోన్ చేసి అడిగితే కాసేపు ఆలోచించి, ‘అవన్నీ కరణం గారి ఇంట్లో ఉండేవమ్మా. 1984లో కరణాలను తీసేశాక ఆ కట్టలు ఏ అటకెక్కాయో ఏమో’ అన్నారు.