ఇంగ్లీషు మందు

అత్తయ్య మోకాళ్ల నొప్పి తగ్గి పడుకున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు.

సాయంత్రం ఏడు రోడ్ల కూడలి దగ్గర మందుల షాపులో మాత్రల అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఇంగ్లీషు మందేనా నాయనా?" అని అడిగారు. కౌంటరు వెనక కుర్రాడు, "మందులకు కూడా భాష ఉంటుందా అవ్వా?" అన్నాడు. వెనక నిలబడ్డ ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. అత్తయ్య ఏమీ అనలేదు, కొంగు సర్దుకుని డబ్బులు లెక్కపెట్టారు. బయటకు వచ్చి తలెత్తితే ఆ షాపు బోర్డు మీదే పసుపు రంగులో రాసి ఉంది: 'ఇంగ్లీషు, ఆయుర్వేద మందులు లభించును'. వెనక్కి వెళ్లి వేలు పెట్టి చూపించాల్సింది. రాత్రి పదకొండింటికి ఎన్ని సమాధానాలు తోస్తాయో! షాపులో ఒక్కటీ నోటికి రాదు.

మా అవ్వ లోకంలో ఇంగ్లీషుకు భాషతో పనే లేదు. క్యాబేజీ, క్యారెట్, బీన్సు ఇంగ్లీషు కూరగాయలు. తద్దినం నాడు వంటింటి గడప దాటి లోపలికి రాకూడదు. జనవరి ఒకటి ఇంగ్లీషు సంవత్సరాది. జ్వరం మాత్ర ఇంగ్లీషు మందు, వేడి చేస్తుంది కాబట్టి పైన గ్లాసుడు మజ్జిగ తాగాల్సిందే. ఏడో తరగతి తెలివితో, "క్యాబేజీకి ఇంగ్లీషు వచ్చా అవ్వా?" అని వెక్కిరించాను. "నీకు వచ్చా?" అంది. ఆ ఏడాది ఇంగ్లీషులో నాకు 36 మార్కులు.

అంటే ఆ కుర్రాడి మాట నేను ఎప్పుడో అనేశాను. పైగా అతను చిల్లర లేదంటే రెండు రూపాయలు వదిలేశాడు కూడా. అయినా ఆ నవ్వు గుచ్చుకుంటూనే ఉంది, ముఖ్యంగా నాది.

అత్తయ్యదే తప్పని తేల్చుకుందామని నిఘంటువు తెరిచాను. బిలియర్డ్స్‌లో బంతిని పక్కగా కొట్టి తిప్పే మెలికను అమెరికా వాళ్లు ఇంగ్లీష్ అంటారట. ఇంగ్లండు వాళ్లు మాత్రం దాన్ని సైడ్ అంటారు! బంతికి లేని అభ్యంతరం మాత్రకెందుకు? మన సీమ మాటే చూడండి. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకున్నది సొంత సీమ. సీమచింతలోని సీమ పరదేశం. ఆ చెట్టు సొంతూరు మెక్సికో వైపు. ఎవరైనా నవ్వారా?

రేపు మామయ్య తద్దినం. ఈయన ఫోనులో ఇంగ్లీషు తేదీకి పెట్టుకున్న గంట పోయిన వారమే మోగి ఊరుకుంది. తిథి రేపు. అరటికాయలు, చేమదుంపలు బుట్టలో పెట్టాను. క్యారెట్లను ఫ్రిజ్జులో అడుగు అరలోకి తోసేశాను.