పదో తరగతిలో చెరువు నక్షా

లెక్కల సారు సెలవు పెట్టడంతో ఈ రోజు పదో తరగతికి వరుసగా రెండు పీరియడ్లు నాకే దొరికాయి. సుస్థిర అభివృద్ధి పాఠం సగంలో ఉంది. కాసర్‌గోడ్ జీడిమామిడి తోటల మీద హెలికాప్టర్లతో చల్లిన ఎండోసల్ఫాన్ పురుగుమందు, ఆనకట్టల వల్ల ఊళ్లు కోల్పోయిన నర్మదా లోయ నిర్వాసితులు, చెట్లను కౌగిలించుకుని కాపాడిన చిప్కో మహిళలు, అన్నీ చెప్పవలసినవే. కానీ పిల్లలు వాటిని ఎక్కడో ఎవరికో జరిగిన సంగతులుగా విని, పరీక్ష కోసం నాలుగు పాయింట్లు రాసుకుంటారు. ప్రాజెక్టు చేయమంటే చార్టు కొని, చెట్టు బొమ్మ వేసి, కింద ఒక నినాదం రాసి తెస్తారు. ఆ చార్టులో మనిషి ఉండడు. భూమి ఎవరిది, ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, వాన వస్తే ఎవరి ఇంట్లోకి నీళ్లు వస్తాయి అన్న ప్రశ్న ఒక్కటీ ఉండదు. ఆ ప్రశ్నలు అడగని పర్యావరణ పాఠానికి సాంఘిక శాస్త్రం పీరియడ్‌లో పనిలేదని నా గట్టి నమ్మకం.

అందుకని మా ఊరి పాత రెవెన్యూ నక్షా (భూముల పటం) నకలును పెద్ద సైజులో జిరాక్స్ తీయించి, బల్లలు జరిపి మధ్యలో పరిచాను. ఊరు ఎప్పుడో వరంగల్ నగరంలో కలిసిపోయింది. నక్షాలో మాత్రం ఇంకా ఊరే. పైన చెరువు, దిగువన కుంట, రెండింటినీ కలుపుతూ సన్నని కాలువ. పాకాల, రామప్ప, లక్నవరం పిల్లలందరికీ తెలుసు. విహారయాత్రలకు వెళ్లి ఫోటోలు దిగి వచ్చారు. కానీ ఓరుగల్లు నీటి వ్యవస్థ అంటే ఆ పెద్ద చెరువులే కాదని, ఒక చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేలా కట్టిన గొలుసు అని, అందులో తమ బడి వెనకాల గుర్రపుడెక్క పట్టిన చెరువు కూడా ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఒక అమ్మాయికి నీలి పెన్సిలు ఇచ్చి, నీళ్లు వెళ్లే దారి గీయమన్నాను. మత్తడి దగ్గర మొదలుపెట్టి జాగ్రత్తగా గీసుకుంటూ పోయి, మధ్యలో ఆగింది. "మేడం, ఇక్కడిప్పుడు సీసీ రోడ్డు ఉంది" అంది. ఇంకొకరు "ఆ పక్కనే ఫంక్షన్ హాలు" అన్నారు. తరువాత అందరూ నక్షా మీద వాలిపోయి ఎవరి ఇల్లు వాళ్లు వెతకడం మొదలుపెట్టారు. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి పోచమ్మ గుడి దగ్గర వేలు పెట్టి, సందులు లెక్కపెట్టుకుంటూ వచ్చి, చెరువు గీతకు లోపల ఆపాడు. "మేడం, మా ఇల్లు నీళ్లలో ఉంది" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాడు నవ్వలేదు. "అయితే మా నాన్న తప్పు చేసినట్టా?" అని అడిగాడు.

వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. ఊళ్లో ఉన్న కొంచెం పొలం అమ్మి నూరు గజాల జాగా కొన్నాడు. ఆ పిల్లవాణ్ని తరగతి ముందు నేరస్థుణ్ని చేసి నిలబెడితే ఆ పాఠం ఎవరికీ ఉపయోగపడదు. అందుకే ప్రశ్నను తరగతి మొత్తానికి వేశాను. ఒక ఇల్లు శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, లేవాలంటే ఎవరెవరి చేతులు కలవాలి? పిల్లలే చెప్పారు: ప్లాట్లు చేసి అమ్మినవాడు, కాగితం రాసినవాడు, ఇంటి నంబరు ఇచ్చినవారు, కరెంటు మీటరు బిగించినవారు, ఓటు అడగడానికి వచ్చినవారు. బోర్డు సగం నిండింది. కొన్నవాడి పేరు ఆ వరుసలో చిట్టచివర చేరింది. ఆ అబ్బాయి బోర్డంతా తన నోట్సులో రాసుకున్నాడు. ఇంతకన్నా మంచి పౌరశాస్త్రం నేనెప్పుడూ చెప్పలేదనిపించింది.

తరువాత రాజ్యాంగానికి వచ్చాం. 1976లో 42వ సవరణ ద్వారా రెండు అధికరణాలు చేరాయి. 51-ఎ(జి) పర్యావరణాన్ని కాపాడటం పౌరుడి విధి అంటుంది, 48-ఎ అది రాజ్యం బాధ్యత అంటుంది. పిల్లలకు మొదటిదే బాగా వచ్చు. ర్యాలీల్లో, ప్రతిజ్ఞల్లో మనం పలికించేది దాన్నే కదా! రెండోది చెబితే కొత్తగా చూశారు. పర్యావరణాన్ని బడిలో తప్పనిసరిగా బోధించాలని పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. అంటే ఈ నక్షా సిలబస్‌కు బయటి సరుకు కాదు.

2023 జూలై వానలు వాళ్లకు బాగానే గుర్తున్నాయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసిందని, తెలంగాణ సగటు వార్షిక వర్షపాతం సుమారు 900 మిల్లీమీటర్లని బోర్డు మీద రాసి, భాగం కట్టమన్నాను. ఏడాది వానలో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క రోజులోనే! ఆ వారంలోనే మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తింది, భద్రకాళి చెరువుకు గండి పడింది. అంత వానకు ఏ కాలువా సరిపోదన్న మాట నిజమే. కానీ ఉన్న కాలువ మీద రోడ్డు వేసుకున్నాక ఆ మాట అనే హక్కు మనకు ఎంత మిగిలిందన్నది వేరే లెక్క.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఒక సారు, "ఎందుకు మేడం, రేపు తల్లిదండ్రులు గొడవకు వస్తే?" అన్నారు. వస్తే రానీయండి, వాళ్లకూ ఇదే నక్షా చూపిస్తాను అన్నాను. జీవశాస్త్రం మేడం మాత్రం చెరువు నీళ్ల పరీక్ష తాను చేయిస్తానని ముందుకు వచ్చారు. నీళ్లలో ఏముందో ఆమె చెబుతారు, అది ఎలా వచ్చిందో నేను చెబుతాను.

సాయంత్రం తొమ్మిదో తరగతి ఆడపిల్లలు బడిలో బతుకమ్మ పేర్చడానికి పూల సంగతి మాట్లాడుకుంటుంటే విన్నాను. గునుగు దొరకడం లేదట, కొనాలట. చేలల్లో దానంతట అదే మొలిచే పువ్వుకు ధర! కలుపు మందు కొట్టే చేలల్లో గునుగు మిగలదు. ఆ మందుతోనే కలుపు తీసే ఆడవాళ్ల కూలీ రోజులు కూడా తగ్గిపోయాయి. "మా అమ్మకు ఇదివరకు ఈ నెలంతా పని ఉండేది" అని ఒక పిల్ల తనంత తానే చెప్పింది. పువ్వుకు, కూలీకి ఉన్న ముడిని ఆ పిల్ల ఒక్క మాటలో విప్పింది. దసరా సెలవుల తరువాత తొమ్మిదో తరగతికి ఇదే పాఠం. ఇంటింటికీ వెళ్లి అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి రమ్మనాలి: ఏ పూలు ఎక్కడ కోసేవారు, కలుపుకు ఎంతమంది వెళ్లేవారు, ఎంత కూలీ ఇచ్చేవారు.

పదో తరగతి వాళ్లు ఇంటికి వెళ్లేముందు మళ్లీ వచ్చారు. చెరువు పూర్తి నీటిమట్టం హద్దు అధికారికంగా ఎక్కడ ఉంది, ఆ కాలువ ఇప్పుడు ఏ రికార్డులో ఉంది అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చా అన్నారు. అడగవచ్చు. అర్జీ నా పేరు మీద వెళ్తుంది, ప్రశ్నలు మాత్రం వాళ్లవే. మొదటి ముసాయిదా ఆ వెనక బెంచీ అబ్బాయే రాస్తానన్నాడు. రేపు రెండో పీరియడ్‌లో దాన్ని సరిచేయాలి. బడికి వెళ్లే దారిలో పోస్టాఫీసులో ఆగి అర్జీ రుసుముకు పోస్టల్ ఆర్డరు తీసుకోవాలి.