ఒక్కపొద్దుతో గుణదల కొండకి: గుంటూరు నుంచి రాత్రి నడక

గురువారం రాత్రి తొమ్మిదింటికి లాడ్జి సెంటర్లో కలుస్తాం. పదిమందికి మించి ఉండం. సగం మంది ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక) వాళ్లం, కొందరు లూథరన్లు, ఒకరిద్దరు బాప్తిస్టు సంఘం వాళ్లు. ఈస్టరుకి ముందు వచ్చే తపస్సుకాలంలో ఒక శుక్రవారం ఎంచుకుని, ఉపవాసంతో విజయవాడలోని గుణదల మరియమాత కొండ దాకా నడుస్తాం. గుంటూరులో ఎక్కడ అడుగు మొదలుపెట్టామన్నదాన్ని బట్టి 35 నుంచి 40 కిలోమీటర్లు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల తిరునాళ్లకి వచ్చే జనసముద్రం ముందు ఇది లెక్కలోకి రాదు. కానీ ఉపవాసం సంగతి తెలుసుకోవాలంటే తిరునాళ్ల రద్దీ కంటే ఈ ఖాళీ రాత్రే మేలు.

చెప్పులు బిగించకముందే చేసే పని ఒకటుంది. ప్రతివాళ్లూ మర్నాడు తినబోని తిండి ఖరీదు లెక్కగట్టి కవరులో పెడతారు. పొద్దున ఇడ్లీ, రెండు కాఫీలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం బజ్జీలు. మామూలుగా ఎక్కడ తింటారో అక్కడి ధరకే కట్టాలి. హోటల్లో తినేవాడు ఇంటి లెక్క చెప్పకూడదు. ఇది మేము కనిపెట్టిన పద్ధతి కాదు. రెండో శతాబ్దంలో రోము క్రైస్తవులకి రాసిన ఒక గ్రంథంలోనే ఉంది: ఉపవాసం రోజు రొట్టె, నీళ్లతో సరిపెట్టుకో, ఆ రోజు తినవలసినదాని ఖరీదు లెక్కచూసి విధవరాలికో, దిక్కులేనివాడికో, లేనివాడికో ఇవ్వు అని. డబ్బు ముందే ఎందుకు తియ్యాలంటే, ఉపవాసం విడిచాక కడుపు నిండినవాడి లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుంది.

గురువారం రాత్రి భోజనం ఏడింటికల్లా ముగించాలి. అన్నం, పప్పు, పెరుగు చాలు. రేపు ఏమీ ఉండదు కదా అని బిర్యానీ లాగించి వచ్చేవాళ్లు ఏటా ఉంటారు. ఆ మసాలాకీ ఉప్పుకీ రాత్రంతా దాహం. ఆవకాయ, గోంగూర పచ్చడి ఆ ఒక్క రాత్రికి పక్కన పెట్టాలి. గుంటూరు వాళ్లకి అసలు ఉపవాసం అక్కడే మొదలవుతుంది.

ఇంకా ముందునుంచే చూసుకోవలసింది కాఫీ. ఉపవాసంలో తలనొప్పి వస్తే ఆకలివల్ల అనుకుంటారు గానీ చాలాసార్లు అది కాఫీ, టీ మానడంవల్ల వచ్చేది. చివరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది, అంటే సరిగ్గా గుణదలలో పూజ వేళకి. ఆదివారం నుంచే మూడు కప్పులు రెండుగా, రెండు ఒకటిగా తగ్గించుకుంటూ వస్తే గురువారానికి ఆ బాధ ఉండదు.

ఎవరి ఒక్కపొద్దు ఎలాగన్నది దారిలో తెమలని చర్చ. కతోలిక శాసనం నిజానికి చాలా తేలిక. తప్పనిసరి ఉపవాసాలు ఏడాదికి రెండే: తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే. పద్దెనిమిది నిండినవాళ్ల నుంచి 59 నిండేదాకా వర్తిస్తుంది. ఒక పూర్తి భోజనం, మరో రెండు పూటలు కొద్దిగా. ఆ రెండూ కలిపినా ఒక భోజనమంత కాకూడదు. మాంసం మానడం పద్నాలుగు నిండినవాళ్లందరికీ. తపస్సుకాలంలో నలభై రోజులూ ఉపవాసం చట్టమనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కాదు. మేము నడిచే మామూలు శుక్రవారం నాడు చట్టం అడిగేది మాంసం మానడం ఒక్కటే, మిగతాది ఇష్టపూర్వకం. ఆ నలభై లెక్క కూడా ఆదివారాలు తీసేస్తేనే కుదురుతుంది. విభూది బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు దాకా లెక్కపెడితే 46 వస్తాయి. అందులో ఆరు ఆదివారాలు, పునరుత్థానదినం గనుక ఆ రోజు ఉపవాసం లేదు.

చేప, గుడ్డు, పాలు శాసనం ప్రకారం మాంసం కిందికి రావు. కాబట్టి శుక్రవారం కొరమీను పులుసు, రొయ్యల వేపుడు వండుకుని శాసనం పాటించామనేవాళ్లని తప్పుపట్టలేం. కానీ మాంసం తీసేసి అంతకంటే ఖరీదైనది వండుకుంటే కవరులో పెట్టడానికి ఏం మిగులుతుంది? మన పల్లెల్లో పాతతరం వాళ్లు నీచు ముట్టకూడదన్నారంటే శాసనం తెలియక కాదనిపిస్తుంది.

తపస్సుకాలాన్ని శ్రమదినాలనే లూథరన్లకి ఇలాంటి శాసనమే లేదు. లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో ఉపవాసం మంచి బాహ్య క్రమశిక్షణే అన్నాడు. అయితే ప్రభురాత్రి భోజనానికి నిజంగా సిద్ధపడినవాడు వాగ్దానాన్ని నమ్మినవాడే అని వెంటనే చేర్చాడు. బాప్తిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో ఉపవాస ప్రార్థన అంటే శుక్రవారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా కూడుకోవడం. అక్కడ బరువంతా ప్రార్థన మీదే. మా గుంపులో మూడూ నడుస్తాయి. ఒకరు నీళ్లతోనే ఉంటారు, ఒకరు మధ్యాహ్నం గ్లాసుడు గంజి తాగుతారు, ఒకరు పాటలు పాడుతూ ఉంటారు. ఎవరిది గొప్పదని అడగడం మత్తయి సువార్త 6లో ప్రభువు వద్దన్న పనే: తలకి నూనె రాసుకో, ముఖం కడుక్కో, ఉపవాసమని మనుషులకి కనపడనివ్వకు. అందుకే మా నడకకి బ్యానర్లూ కాషాయాలూ ఉండవు.

దారి సంగతి. కాజ టోల్ గేటు దాకా జాతీయ రహదారి, ఆరు వరసలు, రాత్రంతా లారీలు. ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా కుడి అంచున, ఒకరి వెనక ఒకరు నడవాలి. వీపున మెరిసే స్టిక్కరు, ముందువాడి చేతిలో టార్చి. గంటకి నాలుగున్నర కిలోమీటర్లు మించొద్దు. ఉపవాసంలో వేగంగా నడిచి ముందుగా చేరదామనుకున్నవాడే మంగళగిరిలో కూలబడతాడు. అక్కడికి దాదాపు ఇరవై కిలోమీటర్లు, పిక్కలు పట్టేసేదీ అక్కడే. కారణం ఆకలి కంటే అలసట, ఒంట్లో ఉప్పు తగ్గడం. చెమటలో ఉప్పు పోతుంటే ఉత్త నీళ్లు లీటర్లకొద్దీ పోసుకుంటే తల తిరగడం, వికారం కూడా తోడవుతాయి. సీసా నీళ్లలో చిటికెడు ఉప్పు వేసుకుని, గంటకి అరలీటరుకి మించకుండా, గుక్కగుక్కగా తాగాలి. ఉప్పు నీళ్లతో ఉపవాసం చెడుతుందా అని అడిగేవాళ్లకి జవాబు: చెడదు. బైబిల్లో ఎస్తేరు రాణి మూడు రోజులు నీళ్లు కూడా ముట్టలేదు, నిజమే. కానీ అది ప్రాణం మీదికి వచ్చిన వేళ, పైగా ఆమె హైవే మీద నడవలేదు.

2025లో విభూది బుధవారం మార్చి 5న వచ్చింది, రంజాన్ కూడా అదే వారంలో మొదలైంది. ఆ నెలలో నడిచినవాళ్లకి తెల్లవారుజామున తాడేపల్లి వైపు మసీదు మైకులో సహరీ (ఉపవాసం మొదలయ్యేముందు తినే భోజనం) పిలుపు వినపడేది. వాళ్లది నీళ్లు కూడా లేని ఉపవాసం, మనది నీళ్లున్నది. ఆ వేళకి టీ కొట్టు తెరిచి ఉంటుంది. వాసన తగిలినప్పుడు ఎవరి మనసు ఎటు పోతుందో వాళ్లకే తెలియాలి. ఉపవాసం మనకి మన గురించి చెప్పే మొదటి కబురు అదే. చిరాకు, పక్కవాడి మీద విసుగు, చిన్నమాటకి పెద్దకోపం, ఇవన్నీ ముందునుంచీ లోపల ఉన్నవే, తిండి వాటిని కప్పి ఉంచింది. ఆకలితో వచ్చిన కోపానికి ఆకలిని కారణంగా చెప్పకూడదన్నది మా కట్టుబాటు. బైబిల్లో యెషయా 58 మొదటి గద్దింపు కూడా దాదాపు ఇదే: ఉపవాసముంటూ కలహపడతారు, పనివాళ్ల చేత చాకిరీ చేయిస్తారు అని.

సీతానగరం దాటి ప్రకాశం బ్యారేజీ మీదికి వచ్చేసరికి తూర్పు తెల్లబడుతుంది. కిలోమీటరుకి పైన పొడవు, నది గాలి. 1957 నుంచి ఉన్న కట్టడం. నడకంతటిలో ఇదొక్కటే కబుర్లు లేకుండా నడిచే చోటు, ఒకరు జపమాల ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. అవతల ఏలూరు రోడ్డు, చుట్టుగుంట, మాచవరం, పడవల రేవు, గుణదల. మొక్కున్నవాళ్లు పడవల రేవు నుంచి చెప్పులు విప్పుతారు. గుంటూరు నుంచే విప్పితే పాదాలు పొక్కి కొండెక్కలేరు. మేజోళ్ల కింద వ్యాజలీను మందంగా రాసుకుంటే బొబ్బలు తగ్గుతాయి.

గుణదలలో మరియమాత స్వరూపాన్ని 1924లో ప్రతిష్ఠించింది ఆర్లాటి అనే ఇటలీ గురువు. ఇప్పుడు తలనీలాలు, కొబ్బరికాయలు, కొవ్వొత్తుల మొక్కులు మన నేల పద్ధతిలోనే సాగుతాయి. తిరునాళ్ల తేదీలు మారవు, విభూది బుధవారం మారుతుంది. 2016లో ఫిబ్రవరి 10న, తిరునాళ్ల నడుమ రోజునే వచ్చింది. 2027లో మళ్లీ అదే తేదీన వస్తోంది. ఆ ఏడు వచ్చేవాళ్లు పదో తేదీ తిండి ఏర్పాట్లు ఇప్పుడే మార్చుకోవాలి, బండిలో బిర్యానీ డేగిశా పెట్టుకుని రాకూడదు.

దివ్యసత్ప్రసాదానికి (పూజలో పుచ్చుకునే అప్పానికి) ముందు ఒక గంట ఉపవాసం వేరే సంగతి. ఇది పూజ మొదలైనప్పటి నుంచి కాదు, దాన్ని లోకొన్న (పుచ్చుకున్న) క్షణం నుంచి వెనక్కి లెక్క. నీళ్లూ మందులూ పుచ్చుకోవచ్చు. ముసలివాళ్లకీ, జబ్బువాళ్లకీ, వాళ్లని చూసుకునేవాళ్లకీ ఆ గంట కూడా లేదు. అర్ధరాత్రి నుంచి నీటిచుక్క ముట్టకూడదని అమ్మమ్మలు చెప్పేది 1953కి ముందరి మాట. 1957లో మూడు గంటలయింది, 1964లో ఒక గంటయింది.

పూజ అయ్యాక సిలువమార్గం, అంటే ప్రభువు శ్రమలని తలచుకుంటూ ఆగే పద్నాలుగు స్థలాలు, కొండపై సిలువ దాకా. పదింటికల్లా దిగిపోవాలి, ఆ తర్వాత రాయి కాలుతుంది. ప్రతి స్థలం దగ్గర మోకరించి లేస్తాం గదా, గబుక్కున లేస్తే కళ్లు చీకట్లు కమ్ముతాయి. ఒక మోకాలు ఎత్తి, రెండు శ్వాసలు ఆగి లేవాలి. బీపీకి నీరుమాత్ర (ఒంట్లో నీరు తీసేది) వాడేవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

చక్కెర జబ్బుకి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ మాత్ర గానీ వాడేవాళ్లని, గర్భిణులని, పాలిచ్చే తల్లులని మేము ఈ ఉపవాసానికి తీసుకెళ్లం. డాక్టరు మోతాదు మార్చి ఒప్పుకుంటే తప్ప. అయినా జేబులో గ్లూకోజు పొడి ఉంటుంది. చేతులు వణకడం, చల్లటి చెమట, మాట తడబడడం కనిపిస్తే వాదన లేదు, మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు, పావుగంటకి రక్తంలో చక్కెర పరీక్ష. 70కి తక్కువుంటే మళ్లీ మూడు చెంచాలు. ఉపవాసం మధ్యలో విడవడం పాపమనుకుని దాచుకునేవాళ్లే ప్రమాదంలో పడతారు. ఉపవాసం ఉండకూడనివాళ్లు బైబిల్లో దానియేలులాగా రుచిగల భోజనం, మాంసం మానుకోవచ్చు. ఫోను పక్కన పెట్టడం కూడా తక్కువదేం కాదు.

21 రోజులు, 40 రోజులు నీళ్లతోనే అని బయలుదేరేవాళ్లకి మా సలహా వద్దనే. మోషే, ఏలీయా, ప్రభువు చేసినవి అనుకరించమని ఎక్కడా రాయలేదు. ఐదు రోజులు దాటిన ఉపవాసాన్ని ఒక్కసారిగా అన్నంతో విడిస్తే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు.

మా ఒక్కరోజుది సాయంత్రం ఆరింటికి విడుస్తాం. మొదట పల్చటి మజ్జిగ గ్లాసు, ఒక అరటిపండు, అరగంట విరామం. ఆ తర్వాత మెత్తటి పెరుగన్నం. ఖాళీ కడుపులో మిరపకాయ బజ్జీ పడితే ఆ రాత్రి నిద్ర ఉండదు. పెండ్లికుమారుడు వెళ్లిపోయే దినాల్లో ఉపవాసముంటారన్నాడు ప్రభువు, ఆయన వచ్చాక బజ్జీలు తింటాంలే అని మాలో ఒకరు అంటుంటారు.

కవర్లు మాత్రం కొండమీద పెట్టెలో వెయ్యం. గుంటూరు వెళ్లే బస్సెక్కేముందు అన్నీ కలిపి ఒకరి చేతికిస్తాం. శనివారం పొద్దున పెద్దాసుపత్రి బయట రోగుల వెంట వచ్చి చెట్టుకింద పడుకున్నవాళ్లకి ఇడ్లీ పొట్లాలు వెళతాయి. పదిమంది మానేసిన తిండి డబ్బుతో పదిమందికి మించే తింటారు, వాళ్లది కాఫీ లేని టిఫిను గనుక. మొదట్లో అన్నం పొట్లాలు కట్టేవాళ్లం, ఎండకి మధ్యాహ్నానికే పులిసిపోయేవి. ఇప్పుడు ఇడ్లీ, పొడి చట్నీ, ఒక నీళ్ల సీసా. పంచేవాళ్లు పేరు చెప్పరు, పాట పాడరు, ఫొటో తియ్యరు. ఎవరైనా ఎందుకిస్తున్నారని అడిగితే, నిన్న మేము తినలేదు, ఇది మిగిలింది అంటారు.