బెడ్‌రూమ్‌కి రెండో ఏసీ: కన్నం తేలికే, కరెంటుతోనే తంటా

మా ఆర్వీ (చక్రాల మీద తిరిగే ఇల్లు) 32 అడుగుల ట్రైలర్, బండి వెనక తగిలించి లాక్కెళ్లేది. ముందు బెడ్‌రూమ్, మధ్యలో హాలూ వంటిల్లూ, వెనక పిల్లల బంకు మంచాలు. ఉన్నది ఒక్కటే ఏసీ, 15,000 బీటీయూది (చల్లబరిచే శక్తికి అదీ కొలత), హాలు కప్పు మీద కూర్చుని ఉంటుంది. దాని గాలి సీలింగ్ లోపలి డక్ట్‌లోంచి, అంటే గాలి గొట్టంలోంచి, బెడ్‌రూమ్ దాకా రావాలి. వచ్చేది కూడా, కాకపోతే వెంట్ దగ్గర చెయ్యి పెట్టి "వస్తోందా?" అని ఒకరినొకరు అడుక్కునేంత నీరసంగా. బయట ఫారెన్‌హీట్‌లో 100 ఉన్న రోజున హాల్లో 78, బెడ్‌రూమ్‌లో 86. పగలంతా ఎండకి కాలిన కప్పు రాత్రి పదింటిదాకా వేడి దింపుతూనే ఉంటుంది, గోడలేమో రెండంగుళాల మందం కూడా లేవు. రెండు వేసవులు హాల్లో సోఫా మీద పడుకున్నాక రెండో ఏసీ పెట్టాల్సిందేనని నిర్ణయించుకున్నాం.

నిర్ణయించుకున్నాం గానీ వెంటనే కొనలేదు, అదొక్కటే నేను చేసిన తెలివైన పని. ముందు ఉన్న ఏసీ సంగతి చూద్దామని హాల్లో సీలింగ్‌కి ఉన్న ప్లాస్టిక్ మూత విప్పాను. లోపల చల్లగాలి బయటికెళ్లే వైపు, గదిలోంచి గాలి లోపలికి పీల్చే వైపు, రెండిటికీ మధ్య ఒక అడ్డు ఉండాలి. ఉంది, కానీ దాని టేపు ఊడిపోయి వేళ్లు పట్టేంత సందు. ఆ సందులో చెయ్యి పెడితే ఐస్ ముక్క పట్టుకున్నట్టుంది! అంటే డక్ట్‌లోకి వెళ్లాల్సిన చల్లగాలిలో కొంత అక్కడికక్కడే తిరిగి ఏసీ నోట్లోకే పోతోంది. మా ఏసీ ఇన్నాళ్లూ తనని తానే చల్లబరుచుకుంటోందన్నమాట. అల్యూమినియం ఫాయిల్ టేపు తెచ్చి అడ్డు చుట్టూ, డక్ట్ మూలల్లో, ఎక్కడ అనుమానం వస్తే అక్కడ అతికించాను. (గుడ్డ టేపు వద్దు, ఆ చెమ్మకి కొన్నాళ్లకే జిగురు వదిలేస్తుంది.) బెడ్‌రూమ్ 86 నుంచి 82కి దిగింది. ఒక్క టేపు చుట్టతో నాలుగు డిగ్రీలు. కొంతమందికి ఇంతటితోనే పని అయిపోతుంది, కాబట్టి రెండో ఏసీ కొనే ముందు ఆ మూత ఒకసారి విప్పి చూడండి.

మాకు 82 చాలలేదు. ఇక అసలు కథ.

ఏసీ కొనడమూ కప్పు మీద పెట్టడమూ పెద్ద విషయం అనుకుంటాం గానీ, అసలు ప్రశ్న దానికి కరెంటు ఎక్కడినుంచి వస్తుందన్నది. మాది 30 ఆంప్స్ ఆర్వీ, అంటే క్యాంప్‌గ్రౌండ్ కరెంటు పెట్టెలో గుచ్చేది మూడు కాళ్ల ప్లగ్గు, 120 వోల్టులు. రెండూ గుణిస్తే 3,600 వాట్లు, మొత్తం ట్రైలర్‌కి అంతే. 13,500 బీటీయూ ఏసీ ఒకటి నడుస్తున్నప్పుడు 12, 13 ఆంప్స్ తింటుంది, ఎండ ముదిరితే ఇంకాస్త. 15,000ది ఇంకొంచెం ఎక్కువే. రెండూ కలిస్తేనే 26 దాటుతుంది, పైన బ్యాటరీ చార్జ్ చేసే కన్వర్టర్ ఉంటుంది, ఫ్రిజ్ ఉంటుంది. మైక్రోవేవ్‌కి ఇంకో 12, 13. వాటర్ హీటర్‌ని కరెంటు మీద పెడితే మరో 12. అంటే చల్లగా కూర్చుని, వేడి అన్నం తిని, వేడినీళ్ల స్నానం చెయ్యడం మూడూ ఒకేసారి కుదరవు.

పైగా బ్రేకర్ మీద 30 అని రాసి ఉంది కదా అని గంటల తరబడి 30 లాగకూడదు. ఆగకుండా నడిచే లోడ్ అందులో 80 శాతం, అంటే 24 ఆంప్స్ దాటకూడదని లెక్క. ఇది నేను చదివి నేర్చుకోలేదు. ఒకసారి పాత ఏసీ, వాటర్ హీటర్ కలిపి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిచాయి. బ్రేకర్ ఒక్కసారి కూడా పడలేదు, కాబట్టి అంతా బాగుందనుకున్నాం. మర్నాడు బయల్దేరేటప్పుడు ప్లగ్గు పీకితే ఒక కాలు గోధుమరంగులోకి తిరిగి ఉంది, దాని చుట్టూ ఉన్న పసుపు రబ్బరు మెత్తబడి, గోరుతో నొక్కితే గుంట పడుతోంది. ఎండిన చేపలు మాడినట్టు ఒక వాసన. మా ఆయన ఆ ప్లగ్గుని చేతిలో తిప్పి తిప్పి చూసి "రెండో ఏసీ పెడితే దీని గతేంటి?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు దొరికేదాకా ఏసీ కొనకూడదని అక్కడే అనుకున్నాం.

మొదటి దారి, ఏసీ మెల్లగా మొదలయ్యేలా చేసే చిన్న పరికరం. "సాఫ్ట్ స్టార్టర్ పెట్టుకోండి, రెండు ఏసీలు 30 మీదే నడుస్తాయి" అని చాలామంది చెప్పారు. సగమే నిజం. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో 50 ఆంప్స్ పైనే లాగుతుంది, సాఫ్ట్ స్టార్టర్ ఆ దూకుడుని సగానికి పైగా తగ్గిస్తుంది. ఒకసారి నడవడం మొదలుపెట్టాక మాత్రం అదే 13, అందులో తేడా ఏమీ ఉండదు. దాన్ని పెట్టుకుంటే చిన్న జెనరేటర్‌తో ఒక ఏసీ నడపడానికి భలే పనికొస్తుంది, అంతేగానీ కాలిపోయే ప్లగ్గుని కాపాడదు.

రెండోది, మొత్తం 50 ఆంప్స్‌కి మార్చుకోవడం. 30 కంటే 20 ఎక్కువ అని వినపడుతుంది గానీ నిజానికి మూడు రెట్ల పైన. నాలుగు కాళ్ల ప్లగ్గులో 50 ఆంప్స్ లైన్లు రెండు వస్తాయి, మొత్తం 12,000 వాట్లు. రెండు ఏసీలేం ఖర్మ, మైక్రోవేవ్ కూడా దర్జాగా నడుస్తుంది. కానీ ప్యానెల్ మార్చాలి, బయటి సాకెట్ మార్చాలి, బొటనవేలంత లావు కేబుల్ మోసుకు తిరగాలి. మేం ఎక్కువగా వెళ్లేది పాత ప్రభుత్వ పార్కులకి, అక్కడ చాలాచోట్ల 30కి మించి ఉండదు. 50 ప్లగ్గుకి చిన్న అడాప్టర్ తగిలించి 30 సాకెట్లో పెట్టుకోవచ్చు, పెట్టుకుంటే వచ్చేది ఆ 30 మాత్రమే. అడాప్టర్ కరెంటు పుట్టించదు కదా.

మేం పట్టుకున్న దారి మూడోది. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు పెట్టె మూత తీస్తే 30 సాకెట్ పక్కనే మామూలుగా ఒక 20 ఆంప్స్ సాకెట్ కూడా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. రెండో ఏసీకి దాన్నే వాడుకున్నాం. ట్రైలర్ పక్కగోడకి బయటి కేబుల్ తగిలించే ఇంకో చిన్న ఇన్లెట్, అక్కడినుంచి 12 గేజి వైరు, మధ్యలో దానికంటూ ఒక బ్రేకర్, నేరుగా బెడ్‌రూమ్ ఏసీకి. పాత ప్యానెల్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు. ముఖ్యంగా రెండిటి న్యూట్రల్ వైర్లు ఎక్కడా కలవకూడదు, కలిస్తే ఆ 20 సాకెట్‌లో ఉండే జీఎఫ్‌సీఐ (కరెంటు పక్కదారి పడితే లైను ఆపేసే రక్షణ స్విచ్) ఠక్కున పడిపోతుంది. వైరు నేనే లాగాను, కనెక్షన్లు మాత్రం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించాను. ఆ ఒక్కచోట పిసినారితనం పనికిరాదు.

ఇంత టెన్షన్ అయ్యాక కప్పు పని పిల్లలాటలా అనిపించింది. బెడ్‌రూమ్ కప్పుకి గాలి ఫ్యాను ఉన్న కన్నం 14 అంగుళాల చదరం, కప్పు ఏసీలకి కావలసిన కన్నమూ అదే కొలత. ఫ్యాను విప్పి, ఏళ్ల నాటి సీలెంట్ గీకి (అరపూట పట్టింది, నిజంగా విసుగొచ్చే పని అదే), కన్నం చుట్టూ లోపల చెక్క ఫ్రేము బిగించాం. ఆ చెక్క చాలామంది వదిలేస్తారు. కప్పు మీది ఏసీనీ లోపలి సీలింగ్ ఫ్రేమునీ నాలుగు పొడుగు బోల్టులు కలిపి లాగుతాయి, మధ్యలో చెక్క లేకపోతే సీలింగ్ అప్పడంలా నలుగుతుంది.

ఏసీ బరువు 80 పౌండ్ల పైనే. నిచ్చెన ఏటవాలుగా వేసి, తాడు కట్టి, పైనుంచి మా ఆయన లాగితే కిందనుంచి మా తమ్ముడు భుజం పెట్టాడు. "అక్కా, నువ్వు పక్కకెళ్లు, ఇది జారితే నా మీదే పడాలి" అని వాడి త్యాగం ఒకటి. పైకి చేరాక ఈడవకుండా ఎత్తి దించండి, ఈడిస్తే కింద గాస్కెట్ (కన్నంలోకి నీళ్లు దిగకుండా ఆపే మెత్తటి పట్టీ) చిరుగుతుంది, కప్పు రబ్బరు కూడా చిరుగుతుంది. మాది చిరగలేదు గానీ నేను వేరే తప్పు చేశాను. గట్టిగా ఉంటే నీళ్లు రావు కదా అని ముందు వైపు రెండు బోల్టులు బలంగా తిప్పేశాను. గాస్కెట్ ముందువైపు అణగిపోయి వెనకవైపు లేచింది. మొదటి వానకే దిండు తడిసింది. మళ్లీ వదులు చేసి, నాలుగూ కొంచెం కొంచెంగా ఎదురెదురుగా తిప్పుతూ, గాస్కెట్ చుట్టూ అరంగుళం మందానికి వచ్చేదాకా బిగించాం. దానికి సీలెంట్ ఏమీ రాయక్కర్లేదు.

ఇది డక్ట్ లేని రకం, మీట తిప్పితే నడుస్తుంది, థర్మోస్టాట్ వైర్ల గొడవ లేదు. పోయినవి రెండు. బెడ్‌రూమ్‌కి ఫ్యాను కన్నం పోయింది, ఇక గాలికి కిటికీయే గతి. ప్రశాంతత కూడా పోయింది, కంప్రెసర్ సరిగ్గా తల మీదే. అది ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ ఉలిక్కిపడి లేచేవాళ్లం. ఏసీలోని ఫ్యాను ఆగకుండా తిరిగేలా పెట్టుకున్నాక ఆ హోరు అలవాటై నిద్ర పడుతోంది.

ఇంకో అలవాటు కూడా అయింది, వోల్టేజి మీటర్ చూడడం. ఎండ మండే మధ్యాహ్నం క్యాంప్‌గ్రౌండ్‌లో అందరి ఏసీలూ నడుస్తుంటే 120 ఉండాల్సింది జారుతూ వస్తుంది. వోల్టేజి తగ్గేకొద్దీ కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఒకరోజు 107 చూశాను. వెంటనే రెండోది ఆపేశాను, సాయంత్రం పుంజుకున్నాకే మళ్లీ వేశాను.

బెడ్‌రూమ్ ఇప్పుడు 74. మా ఆయన దుప్పటి అడుగుతున్నాడు. మొన్న రాత్రి రెండింటికి మాత్రం హోరు ఉన్నట్టుండి ఆగిపోయి మెలకువొచ్చింది, టార్చి పట్టుకుని వెళ్లి చూస్తే కరెంటు పెట్టెలో జీఎఫ్‌సీఐ పడి ఉంది. రెండు కేబుళ్లు కలిసేచోటు తడి గడ్డిలో ఆనుతోంది, మంచుకి తడిసిపోయింది. తుడిచి, ఒక ఇటుక ముక్క కింద పెట్టి ఎత్తి, రీసెట్ నొక్కి వచ్చి పడుకున్నాను. తర్వాత పడలేదు.