పీకాల్సిన పన్ను ఇంకా ఉంది

ఎడమవైపు కింది దవడ పన్ను ఒకటి జంతిక కొరికితే కదిలేది. మొదట చూపించుకున్న చోట ఎక్స్‌రే తీసిన పది నిమిషాలకే "పీకేసి ఇంప్లాంట్ పెట్టేద్దాం" అన్నారు. మనసొప్పక చిగుళ్ల స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాను. ఆవిడ గీతలున్న సన్నటి పుల్లను పంటికీ చిగురుకీ మధ్య దించి "ఏడు మిల్లీమీటర్లు" అన్నారు. మామూలుగా మూడు దాటకూడదట. ఎముక ఒక పక్కనే గుంటలా అరిగింది, చుట్టూ గోడలు మిగిలాయి కాబట్టి నింపితే నిలవచ్చు అన్నారు.

గార తీయించడం, షుగర్ పరీక్ష, నెలన్నర ఆగడం. అవన్నీ మామూలే.

అసలు పేచీ దేనితో నింపాలన్న దగ్గర వచ్చింది. ఎక్కువగా వాడేది శుద్ధి చేసిన ఆవు ఎముక పొడి. పగడం నుంచి చేసేదీ ఉంది, దాని రంధ్రాలు మన ఎముకలో రంధ్రాల్లాగే ఉంటాయి కనుక. "ఆవు ఎముకా! నోట్లోనా!" అంది అమ్మ. డాక్టరుగారు నవ్వలేదు, ముందే అడగడం మంచిదైంది అన్నారు. చివరికి ల్యాబులో చేసిన కాల్షియం ఫాస్ఫేట్ పొడి, దానికి తోడు నా రక్తమే. ఈ రక్తం పద్ధతి, పీఆర్‌ఎఫ్ (ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ఫైబ్రిన్, అంటే రక్తం గడ్డలోని పీచు), 2001లో ఫ్రాన్స్‌లో షుక్రూన్ అనే డాక్టరు బృందం తెచ్చింది.

ఆపరేషన్ రోజు రక్తం తీయడానికి నరం దొరక్క రెండుసార్లు గుచ్చారు. గొట్టంలో గడ్డకట్టకుండా ఆపే మందేమీ ఉండదు, తీసిన వెంటనే తిప్పాలి. మొదటి గొట్టం ఆలస్యమై గడ్డకట్టింది, పారేశారు. నా టెన్షన్ పెరిగింది. మళ్లీ తీసి, మిషన్లో పన్నెండు నిమిషాలు తిప్పారు. అడుగున ఎరుపు, పైన పల్చటి నీరు, మధ్యలో లేత తాటిముంజలాంటి పసుపు ముద్ద. దాన్ని పటకారుతో తీసి, నొక్కి పొరలా చేశారు. అందులో చిక్కుకున్న ప్లేట్‌లెట్లు గాయం మానడానికి కావాల్సినవి వారం పైనే కొద్దికొద్దిగా వదులుతాయట.

మత్తు ఇంజెక్షన్ తప్ప నొప్పేమీ తెలియలేదు. కుట్లు, వాటిని కప్పుతూ పైన కట్టులాంటి గులాబీరంగు ముద్ద, పదో రోజున రెండూ తీసేశారు. పుక్కిలించే మందుతో పళ్లు గోధుమరంగుకు తిరిగాయి, అదే ఎక్కువ బాధపెట్టింది. క్లీనింగ్‌తో పోయిందిలెండి.

ఆరు నెలలకు పుల్ల నాలుగు దగ్గర ఆగింది. ఎక్స్‌రేలో గుంట ఉన్నచోట బూడిదరంగు కనిపిస్తోంది. అందులో కొత్త ఎముక ఎంతో, ఇంకా కరగని పొడి ఎంతో ఎక్స్‌రే చెప్పదు అన్నారావిడ. జంతికలు మాత్రం కుడివైపే నములుతున్నాను.